పత్తి కట్టె కుప్ప తిరగేసిన రోజు

మార్చి చివరి ఆదివారం

ఈ రోజు పొద్దంతా చెలకలోని కంపోస్టు కుప్పను తిరగేయడంతోనే గడిచింది. ఆఖరి పత్తి తీత అయ్యాక చేలో నిలిచిన కట్టెను ట్రాక్టరు యంత్రంతో ముక్కలు చేయించి, పేడను, కొట్టంలో పశువుల మూత్రానికి నానిన మట్టిని, గట్టు మీది గ్లైరిసీడియా చెట్ల నుంచి నరికి తెచ్చిన పచ్చిరొట్టను మధ్యమధ్య వేస్తూ పొరలుగా పేర్చి పెట్టిన కుప్ప ఇది. పత్తి కట్టెలో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ. కాబట్టి పేడ, పచ్చిరొట్ట తోడు లేకపోతే అది ఏడాది గడిచినా కట్టెగానే మిగులుతుంది.

పొద్దున్నే కుప్ప నడుమకు దించిన ఇనుప చువ్వను కాసేపటికి బయటికి తీస్తే చేత్తో పట్టుకోలేనంత వేడిగా ఉంది. పైపొర తొలగించగానే ఆవిరి లేచింది. ముక్కల మీద బూడిద చల్లినట్లు తెల్లని బూజు అల్లుకొని ఉంది, వాసన మాత్రం తొలకరి మట్టిదే. గాలికి ఎండిన ఒక అంచున ముక్కలు ఇంకా గట్టిగా ఉండటంతో, పిడికిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంతవరకు నీళ్ళు చల్లి, ఆ భాగాన్ని నడుమకు తోశాము.

బయటిది లోపలికి చేరడం అవసరమని నేను పట్టుబట్టడానికి పత్తి కాయను తొలిచే గులాబీ రంగు పురుగే కారణం. విచ్చుకోకుండా కట్టె మీదే ఎండిన కాయల్లో అది దాగి ఉండి, వచ్చే ఏటి పంటను పట్టుకుంటుంది. కట్టెను గట్టున మోపులుగా పేర్చి ఉంచితే పురుగును మనమే కాపాడినట్లవుతుంది. ముక్కలైన కట్టె 55 నుంచి 60 డిగ్రీల వేడిలో మగ్గితే పురుగు బతకదు.

మధ్యాహ్నం పక్క చేను పిల్లవాడు వచ్చి, "కాకా, అగ్గి పెడితే ఒక్క పూటలో చేను సాఫయితది గదా, ఇంత కష్టమెందుకు?" అన్నాడు. అతని ప్రశ్నలో న్యాయముంది. కూలి ఖర్చు, యంత్రం అద్దె భరించలేకనే చాలామంది అంటిస్తున్నారు, వారిని తిట్టి లాభం లేదు. అయితే మంటలో నత్రజని దాదాపు అంతా, గంధకంలో కొంత గాలిపాలవుతాయి. మిగిలిన బూడిదలో పొటాష్ ఉన్నా, నేలకు కావలసిన కర్బనం మాత్రం తిరిగి రాదు. మా ఎర్ర చెలకల్లో సేంద్రియ కర్బనం 0.5 శాతం కూడా లేదు. అందుకే వాన వెలిసిన మర్నాటికల్లా పైమట్టి అట్టకట్టి, మొలక తల ఎత్తలేకపోతుంది. ఇదంతా అతనికి చెప్పి, వచ్చే ఏడాది నలుగురం కలిసి యంత్రాన్ని అద్దెకు తెచ్చుకుందామన్నాను. సరేనన్నాడు.

ఇలాంటి యంత్రాలు లేని 1920లలోనే ఇందోరులో ఆల్బర్ట్ హోవర్డ్, యశ్వంత్ వాడ్ అనే శాస్త్రవేత్తలు ఇదే పత్తి కట్టెతో కంపోస్టు చేశారు. కట్టెను పొలం బాటల మీద పరిచి, బండ్ల చక్రాల కింద నలగనిచ్చాకనే కుప్పకు చేర్చేవారు. గట్టి కట్టెకు ముందు నలగడం కావాలని వారు గ్రహించిన తీరు నాకు ఎంతో గౌరవం కలిగిస్తుంది.

ఈ కుప్ప మాగేసరికి సగానికి కుంగుతుంది. ఎకరానికి 4 టన్నుల లెక్కన చేనంతటికీ చాలదు కనుక, వానకు మట్టి కొట్టుకుపోయి గులకరాళ్ళు తేలిన ఎగువ నేల చెక్కకే దీన్ని మృగశిరకు ముందు చల్లాలని నిర్ణయించాము. మిగతా చేనుకు జనుము విత్తనాలు ఇప్పుడే తెచ్చి పెట్టుకోవాలి. తొలి వానలకు చల్లి, పూత దశలో కలియదున్నితే ఆ నేలకూ కొంత రొట్ట అందుతుంది. మన ఎండలకు నేలలోని కర్బనం త్వరగా కరిగిపోతుంది గనుక, వచ్చే ఏటి కట్టె కూడా ఆ ఎగువ చెక్కకే చేరాలి.