మధ్యాహ్నం షిఫ్టుకు ఉదయం షిఫ్టుకు లెక్క ఎక్కడ తప్పుతుంది

ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం రావాలంటే వంద కిలోమీటర్లు దాటుతుంది. జేఈఈ మెయిన్ లాంటి ప్రవేశ పరీక్ష ఉదయం, మధ్యాహ్నం రెండు షిఫ్టుల్లో జరుగుతుంది. ఉదయం తొమ్మిదింటికి పరీక్ష అంటే గేటు అంతకుముందే మూసేస్తారు. ఇచ్ఛాపురం, మందస, సీతంపేట ఏజెన్సీ పిల్లలు ముందురోజే బయల్దేరి చుట్టాలింట్లోనో లాడ్జిలోనో దిగాలి. దూరపు పిల్లలకు మధ్యాహ్నం షిఫ్టే ఇవ్వండి అని ఎవరైనా అడిగితే అది న్యాయమైన కోరికే. కానీ ఇప్పుడున్న నార్మలైజేషన్, అంటే వేర్వేరు షిఫ్టుల మార్కులను ఒకే కొలతకు తెచ్చే పద్ధతిలో ఆ మేలు చేస్తే ర్యాంకుల లెక్కే చెడుతుంది. ప్రవేశ పరీక్షలంటే అందరూ లీకేజీ గురించే మాట్లాడతారు గానీ, లీకు లేని పరీక్షలోనూ అన్యాయం జరిగే చోటు ఇది.

ఇంజినీరింగ్ సీట్లకు రాసే జేఈఈ మెయిన్‌లో ఒక్కో షిఫ్టుకు ఒక్కో పేపరు. ఒకటి సులువు, ఒకటి కష్టం కావచ్చు కాబట్టి మార్కులను నేరుగా పోల్చరు, పర్సంటైల్ కడతారు, అంటే ఆ షిఫ్టులో తనంత గానీ తనకంటే తక్కువ గానీ వచ్చినవాళ్లు నూటికి ఎంతమందో చూస్తారు. ఉదాహరణకు ఉదయం 40,000 మంది రాస్తే, వాళ్లలో 36,000 మందికి 180 గానీ అంతకు తక్కువ గానీ వచ్చాయనుకోండి. అప్పుడు 180 వచ్చినవాడిది 90 పర్సంటైల్. మధ్యాహ్నం 30,000 మందిలో 27,000 మంది 160 దగ్గరో దాని కిందో ఉంటే 160కీ అదే 90. దీన్ని ఏడు దశాంశ స్థానాల దాకా కడతారు. కేంద్రీయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష సీయూఈటీలో సూత్రం కొంచెం వేరు, పునాది మాత్రం పర్సంటైలే. విజయనగరంలోని కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయంలో సీటు కోరే పిల్లలు రాసేది ఆ సీయూఈటీనే.

ఈ లెక్క ఒక నమ్మకం మీద నిలబడింది: రెండు షిఫ్టుల్లోనూ కూర్చున్న పిల్లలు సగటున సమానమైన చదువరులని. షిఫ్టును లాటరీలా కేటాయిస్తే ఆ నమ్మకం నిలుస్తుంది. దూరాన్ని బట్టో, దరఖాస్తు చేసిన తేదీని బట్టో కేటాయిస్తే నిలవదు. ఆఖరి వారంలో నెట్ సెంటర్లో ఫారం నింపించుకునే పల్లె పిల్లలంతా ఒకే షిఫ్టులో పడితే, ఆ షిఫ్టు బలహీనమైనదా, పేపరు కష్టమైనదా అన్నది పర్సంటైల్‌కు తెలియదు. తేడా అంతా పేపరుదే అనుకుని చెరిపేస్తుంది.

అయితే మంచిదే కదా, దూరపు పిల్లలకు నాలుగు మార్కులు కలిసొస్తాయి అనొచ్చు. కానీ వాళ్లొక్కరికే కాదు. అదే షిఫ్టులో కూర్చున్న వైజాగ్ కార్పొరేట్ కాలేజీ విద్యార్థికీ అవి కలుస్తాయి. వెనుకబాటుకు చేయూత ఇవ్వాలంటే బాహాటంగా ఇవ్వాలి. ఎచ్చెర్లలో క్యాంపస్ ఉన్న ట్రిపుల్ ఐటీల ప్రవేశాల్లో నాన్ రెసిడెన్షియల్ ప్రభుత్వ బడి పిల్లలకు 4 శాతం డిప్రివేషన్ స్కోరు, అంటే వెనుకబాటు మార్కులు, కలుపుతారు. ఎవరికి, ఎంత, ఎందుకు అన్నది అందరికీ తెలుసు. అది సరైన పద్ధతి.

షిఫ్టుల తేడా తేల్చే మందు ఉమ్మడి ప్రశ్నలు. 100 ప్రశ్నల పేపర్లో 20 ప్రశ్నలు పోల్చే రెండు షిఫ్టుల్లోనూ ఒకటే ఉండాలి. అవి ఏవో పిల్లలకు తెలియకూడదు. సిలబస్‌లోని అధ్యాయాలన్నీ అదే నిష్పత్తిలో వాటిలోనూ ఉండాలి, పేపర్లో వాటి స్థానమూ దాదాపు మారకూడదు. చివర్లో పెట్టిన ప్రశ్నకు టైం చాలక తప్పులు పెరుగుతాయి. ఇప్పుడు ఉదయం సగటు 52, మధ్యాహ్నం సగటు 46 అనుకుందాం. ఉమ్మడి ప్రశ్నల్లో రెండు గుంపులకూ 11 వస్తే పిల్లలు సమానం, ఆ ఆరు మార్కుల తేడా పేపరుదే. ఉమ్మడిలో 12, 10 వస్తే ఆ ఆరులో కొంత పిల్లల తయారీలోని తేడా. దాన్ని చెరపకూడదు.

ఇందులో ఇబ్బంది కూడా ఉమ్మడి ప్రశ్నలతోనే వస్తుంది. ఉదయం రాసినవాళ్లు బయటికి రాగానే గుర్తున్న ప్రశ్నలు టెలిగ్రామ్‌లో తిరుగుతాయి. మధ్యాహ్నం వాళ్లకు అవి ముందే తెలిస్తే వాళ్లు నిజంగా ఉన్నదానికంటే గట్టి గుంపులా కనిపిస్తారు. వాళ్ల పేపరే కష్టమైనదని లెక్క తేలి, దొంగ లాభం వస్తుంది. అందుకే షిఫ్టు షిఫ్టుకూ ఒక్కో ఉమ్మడి ప్రశ్నకు సరైన జవాబు రాసినవాళ్ల శాతం చూడాలి. మిగతా పందొమ్మిదీ కదలకుండా ఒక్కటే 40 నుంచి 65కు ఎగిరితే దాన్ని లెక్కలోంచి తీసేయాలి. 20 ఉండాలనేది ఇందుకే. మూడు తీసేసినా 17 మిగులుతాయి. ఎనిమిదే పెట్టుకుంటే మిగిలిన ఐదుతో ఏదీ తేల్చలేం. అన్ని రోజులకూ ఒకే ఇరవై వాడటం కూడా తప్పే. ఒకటో షిఫ్టుకూ రెండో షిఫ్టుకూ కొన్ని, రెండుకూ మూడుకూ వేరే కొన్ని, అలా గొలుసు కట్టాలి.

వైద్య విద్య ప్రవేశ పరీక్ష నీట్‌లా దేశమంతటికీ ఒకే పేపరు పెడితే ఈ తలనొప్పి ఉండదు. కానీ ఒక్క చోట ప్రశ్నపత్రాల పెట్టె ముందే తెరుచుకుంటే మచ్చ అందరికీ. 2024లో పట్నా, హజారీబాగ్‌లలో నీట్ పేపరు లీకైందని సుప్రీంకోర్టే చెప్పింది. అదే ఏడాది ఒక ఫిజిక్స్ ప్రశ్నకు పాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం ప్రకారం ఒక జవాబు, కొత్త పుస్తకం ప్రకారం ఇంకొకటి తేలాయి. రెంటికీ మార్కులిచ్చారు. ఐఐటీ ఢిల్లీ నిపుణులు ఒకటే సరైనదని చెప్పాక ర్యాంకులు తిరగరాయాల్సి వచ్చింది. ప్రశ్నను ముందే రెండు మూడు వందల మంది చేత రాయించి చూస్తే ఇలాంటివి చాలావరకు బయటపడతాయి. బాగా చదివేవాళ్లు ఒక తప్పు జవాబు వైపు గుంపుగా వెళ్తున్నారంటే కీ తప్పయినా ఉండాలి, రెండు జవాబులైనా ఉండాలి.

పోయిన టైముకు మార్కులివ్వడం ఇంకో పొరపాటు. 2024 నీట్‌లో 1,563 మందికి అలా కలిపితే కొందరికి 718, 719 వచ్చాయి. సరైన జవాబుకు 4, తప్పుకు మైనస్ 1 ఉన్న 720 మార్కుల పేపర్లో ఒకటి వదిలేస్తే 716, ఒకటి తప్పయితే 715. మధ్యలో మార్కే లేదు. చివరికి ఆ గ్రేస్ మార్కులు తీసేసి, కావాలనుకున్నవాళ్లకు మళ్లీ పరీక్ష పెట్టారు. మన దగ్గర మే నెల గాలివానకు కరెంటు పోవడం కొత్త కాదు. కంప్యూటర్ ఆగితే ఆ అభ్యర్థి గడియారం కూడా ఆగాలి, పోయిన నిమిషాలు అక్కడికక్కడే తిరిగివ్వాలి, ఆ వివరం సర్వర్లో నమోదు కావాలి.

సెంటరు దూరాన్ని బట్టి, షిఫ్టు లాటరీని బట్టి ఇవ్వాలి. మొదటి షిఫ్టు పదకొండింటికి మొదలైతే టెక్కలి, పలాస పిల్లలు తెల్లవారి బస్సెక్కి రాగలరు. దూరపువాళ్లకు మధ్యాహ్నమే ఇస్తామంటే ఉమ్మడి ప్రశ్నలు లేకుండా ఇవ్వకూడదు. ఫలితాలతో పాటు షిఫ్టువారీగా ఒక పట్టిక కూడా పెట్టాలి: ఎంతమంది రాశారు, ఉమ్మడి ప్రశ్నల సగటు ఎంత, ఎన్నిటిని తీసేశారు, ఎందుకు తీసేశారు. అది చేతిలో ఉంటే బొబ్బిలిలో ఇంటర్ లెక్చరరు కూడా కాలిక్యులేటర్‌తో సరిచూడగలరు.