చిన్న ఇంజన్ కోసం ఐరాల దాకా

పుష్యమాసపు చలి ఇంకా వదలని ఒక శనివారం తెల్లవారుజామున తిరుపతిలో కాట్పాడి వెళ్లే ప్యాసింజర్ ఎక్కాను. సంచిలో సన్నని సందులు కొలిచే ఫీలర్ గేజి, రెండు కొత్త స్పార్క్ ప్లగ్గులు, పెట్రోలులో కలిపే టూ-టీ ఆయిల్ డబ్బా ఒకటి, గట్టి నూలు తాడు ఉన్నాయి. ఐరాల మండలంలో మా మేనమామ గారి దగ్గర ఉన్న పాత బెలారస్ ట్రాక్టర్ మూడు నెలలుగా షెడ్డులోనే నిలబడిపోయిందని, పెద్ద ఇంజన్‌లో ఏ లోపమూ లేదని, దాన్ని తిప్పి లేపే చిన్న ఇంజనే మొండికేసిందని ఆయన ఫోనులో చెప్పారు. స్కూటర్ల కాలంలో టూ-స్ట్రోక్ ఇంజన్లు విప్పి బిగించిన అలవాటు నాకుంది కాబట్టి కబురు నా దాకా వచ్చింది.

చంద్రగిరి కోట గుట్ట దాటేసరికి వెలుగు వచ్చింది. పాకాలలో దిగి, ఆటోలో మామిడి తోటల మధ్యగా ఊరు చేరాను.

ఆ ట్రాక్టర్ మిన్‌స్క్‌లో తయారైన ఎంటీజెడ్-50, 55 హార్స్ పవర్ బండి. ఈ బండికి బ్యాటరీతో తిరిగే స్టార్టర్‌కు బదులు, పక్కనే పీడీ-10 అనే ఒకే సిలిండర్ పెట్రోలు ఇంజన్ ఉంటుంది. తాడు లాగితే అది నడుస్తుంది, అది నడిచి పెద్ద డీజిల్ ఇంజన్‌ను తిప్పుతుంది. రెండింటినీ చల్లబరిచే నీళ్లు ఒకటే కావడం వల్ల చిన్నది నడిచిన కొద్దిసేపట్లోనే పెద్దదాని సిలిండర్లు కూడా వెచ్చబడతాయి. మంచు దేశాల్లో ఆ వెచ్చదనమే ప్రాణం. చిత్తూరు ఎండల్లో దాని అవసరం అంతగా లేకపోయినా, డీజిల్ మండకముందే ఇంజన్ నిదానంగా తిరిగి ఆయిల్ ప్రెషర్ ఎక్కడం ఏ దేశంలోనైనా బేరింగులకు మేలే. ఎలక్ట్రిక్ స్టార్టర్ పెట్టించమని మామయ్యకు చాలామంది సలహా ఇచ్చారట. "ఇన్నేండ్లు లేపినదాన్ని ఇప్పుడు తీసి పారేయమంటే ఎట్లా నాయనా?" అన్నారాయన. ఆ మాట నాకు నచ్చింది.

ముందు ప్లగ్‌కు కరెంటు పుట్టించే మాగ్నెటో మూత తీశాను. అందులో కరెంటును కలిపి విడదీసే పాయింట్ల మీద బూడిదరంగు పొర పేరుకుని ఉంది. ఉప్పుకాగితంతో మెల్లగా రుద్ది, గుడ్డతో తుడిచి, సందును 0.3 మిల్లీమీటరుకు సరిచేశాక ప్లగ్ దగ్గర నీలి మెరుపు వచ్చింది. పిస్టన్ పైకొసకు చేరడానికి 5.8 మిల్లీమీటర్ల ముందే నిప్పు పడాలి. ప్లగ్ రంధ్రంలోంచి సన్నని కడ్డీ దించి కొలిస్తే అది సరిగానే ఉంది.

తర్వాత కార్బురేటర్. ఈ ఇంజన్‌కు 15 లీటర్ల పెట్రోలుకు 1 లీటరు ఆయిల్ కలిపి పోస్తారు. బండి వాడకుండా వదిలేస్తే గిన్నెలోని పెట్రోలు ఆవిరైపోయి, ఆయిల్ మాత్రం బంకలా అడుగున మిగులుతుంది. మూడు నెలల బంక, పెట్రోలు చిమ్మే జెట్ రంధ్రాన్ని పూర్తిగా మూసేసింది. పైగా ఇప్పుడు బంకుల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరును మెత్తబరుస్తుంది. పెట్రోలు గొట్టాన్ని చేత్తో నొక్కితే నల్లగా అంటుకుంది కాబట్టి దాన్నీ మార్చేశాం.

తాడు ముడిని ఫ్లైవీల్ గాడిలో పెట్టి రెండు చుట్లు చుట్టాను. రెండో కొనను చేతికి చుట్టుకోబోతుంటే మామయ్య గట్టిగా అరిచి ఆపారు. ఇంజన్ వెనక్కి తన్నితే తాడుతో పాటు చేయి కూడా పోతుంది. పిడిని వేళ్లతో పట్టుకోవడమే పద్ధతి. నాలుగుసార్లు లాగితే రెండుసార్లు అంటుకుని, తెల్లటి దట్టమైన పొగ వదిలి ఆగిపోయింది. నన్ను ఆలోచనలో పడేసింది ఆ పొగే, ఎందుకంటే నేను కలిపిన పాళ్లకు అంత పొగ రాకూడదు. పిస్టన్ కింద ఉండే క్రాంక్ గది అడుగున ఉన్న డ్రెయిన్ బోల్టు విప్పితే పెట్రోలుకు బదులు చిక్కటి గేరు ఆయిల్ కారింది.

అసలు లోపం అప్పటికి దొరికింది. టూ-స్ట్రోక్ ఇంజన్ పిస్టన్ పైకి పోయినప్పుడల్లా క్రాంక్ గదిలోకి గాలిని, పెట్రోలును పీల్చుకుంటుంది. ఆ గదికీ పక్కనున్న గేర్ల పెట్టెకూ మధ్య ఆయిల్‌ను ఆపే సీల్ అరిగిపోతే, అక్కడి ఆయిల్‌ను కూడా పీల్చేస్తుంది. లోగడ చూసిన మెకానిక్ ప్లగ్గుల మీద ప్లగ్గులు మార్చాడే గాని ఈ బోల్టు విప్పి చూడలేదు. విప్పడానికి ఒక్క నిమిషం పడుతుంది. పొగ ఎక్కువైన ప్రతి పీడీ-10కూ మొదట చేయవలసిన పరీక్ష అదేనని నా నమ్మకం.

ఆ మధ్యాహ్నం ఇంజన్‌ను దించి, పాత సీల్ పట్టుకుని బస్సులో చిత్తూరు వెళ్లాం. బేరింగులమ్మే దుకాణంలో లోపలి, బయటి కొలతలు, మందం చూసి సరిపోయేది ఇచ్చారు. దారిలో కాణిపాకం దగ్గర దిగి వినాయకునికి దండం పెట్టుకుని, చీకటిపడేలోగా ఊరు చేరాం.

ఆదివారం ఉదయం సీల్ పెదవికి ఆయిల్ రాసి, అది మెలిక పడకుండా నిదానంగా కూర్చి, ఇంజన్ బిగించాం. గేర్ల పెట్టెలో కొత్త ఆయిల్ పోశాం. మూడో లాగుకే అంటుకుంది, పొగ పలచబడింది. రెండు నిమిషాలు వెచ్చబడనిచ్చి, మామయ్య క్లచ్ లివరును నెమ్మదిగా వదిలారు. పెద్ద ఇంజన్ బరువుగా తిరగడం మొదలై, ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచిన తర్వాతే ఆయన డీజిల్ వదిలారు. నాలుగు సిలిండర్లూ ఒక్కసారిగా పలికాయి, రెండు ఇంజన్లనూ కలిపే పినియన్ గేరు దానంతటదే విడిపోయింది. ఈ చిన్న ఇంజన్‌ను బరువు మీద పావుగంటకు మించి నడపకూడదు. మాకు ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

చిన్న ఇంజన్‌ను ఆపేటప్పుడు మీట నొక్కకుండా పెట్రోలు ట్యాపు మాత్రమే కట్టేయమని మామయ్యకు చెప్పాను. గిన్నె ఖాళీ అయ్యేదాకా అది తనంతట తానే నడిచి, రెండు దగ్గులు దగ్గి ఆగింది. ఆయన తాడును ముడి విప్పకుండానే షెడ్డు మేకుకు తగిలించి, మామిడి చెట్ల మధ్య దున్నడానికి బండిని తోట వైపు తిప్పారు.