బొట్టు పెట్టుకున్న నామాల కోడి

డిసెంబర్ ఆఖరి శనివారం పొద్దున్నే మా చిన్నిని తీసుకుని టెన్నీ పార్క్‌కి వెళ్ళాను. మేముండేది అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌లో. బయట మైనస్ 9, వాళ్ళమ్మ వద్దు వద్దంటూనే దానికి రెండు జతల సాక్సులు తొడిగి పంపింది. మెండోటా సరస్సు ఇంకా పూర్తిగా గడ్డకట్టలేదు. ఏ ఏడు ఎప్పుడు గడ్డకట్టిందో ఇక్కడ 1850ల నుంచీ రాసిపెడుతున్నారు, పిక్నిక్ పాయింట్ నుంచి మేపుల్ బ్లఫ్‌కి పడవలో వెళ్ళగలిగితే ఇంకా కట్టనట్టే లెక్కట. మేం నిలబడ్డ ఒడ్డంతా ఐసే, కానీ యహారా నది సరస్సులోంచి బయటికెళ్ళే చోట నీళ్ళు కదుల్తాయి కాబట్టి అక్కడొక నల్లటి మడుగు మిగిలింది, పిట్టలన్నీ అందులోనే.

చిన్నికి ఎనిమిదేళ్ళు. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. ఆదివారం క్లాసులో గుణింతాలు దిద్దుతుంది కానీ ఏడుపు మొహంతో, అది చూసినప్పుడల్లా నాకు మనసులో కలుక్కుమంటుంది. ఆ రోజు కూడా బైనాక్యులర్స్ పట్టుకుని గోల్డెన్ఐ, మర్గాన్సర్ అని నాకు అదే చెప్తోంది, నాకేమో వాటి తెలుగు పేర్లు తెలీవు, మా ఊళ్ళో ఎప్పుడూ చూడలేదు. దూరంగా టండ్రా స్వాన్లు కనిపిస్తే మాత్రం "ఇదేనా హంస?" అంది. ఇదేనమ్మా అన్నాను. ఆర్కిటిక్ నుంచి వచ్చి నీళ్ళు గడ్డకట్టేదాకా ఇక్కడుండి, తర్వాత చెసపీక్ బే వైపు వెళ్ళిపోతాయి అవి.

ఇంతలో కూట్ అనే నీటిపిట్ట ఒకటి ఐస్ మీదికెక్కి మాకు పదడుగుల దూరంలో నిలబడింది. ఒళ్ళంతా బొగ్గు రంగు. బాతుకున్నట్టు వేళ్ళ మధ్య పొర ఉండదు, ఒక్కో వేలికీ విడిగా ఆకుల్లాంటి రేకులు. కాసేపటికి ఒక కాలు ఈకల్లోకి లాక్కుని అలాగే నిలబడిపోయింది.

నాది టెక్కలి దగ్గర, తేలినీలాపురం పక్కన. అక్కడ చింతచెట్ల మీద గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ గూళ్ళు కడితే, ఆడపడుచులు పుట్టింటికొచ్చినట్టు చూసేది మా అమ్మ. చెరువులో ఈ నల్ల పిట్టలూ ఉండేవి, అందుకే పేరు దానంతటదే నోట్లోంచి వచ్చేసింది.

"నామాల కోడి!"

"వై నామం?"

మొహం చూడవే అన్నాను. తెల్లటి ముక్కు, నుదుటి దాకా తెలుపు. బైనాక్యులర్స్ సర్దుకుని చాలాసేపు చూసి, "నాన్నా, బొట్టు కూడా పెట్టుకుంది!" అని ఒక్క అరుపు. నిజమే, ముక్కు పైన ముదురెరుపు చుక్క. మా ఊరి నామాల కోడికి అది ఉండదు, ఆ చుక్క ఇక్కడి దానికే. నేను అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు, చిన్ని వల్లే చూశాను.

అప్పుడే ఎక్కడినుంచో ఒక బాల్డ్ ఈగిల్ మడుగు మీదికి దిగింది. కోళ్ళన్నీ నీళ్ళలో ఒక్కచోటికి ముద్దగా చేరిపోయాయి, ఐస్ మీదున్నది రెక్కలు కొట్టుకుంటూ పరుగు, చిన్ని నా చెయ్యి గట్టిగా పట్టుకుని "పరిగెత్తు, నామాల కోడీ, పరిగెత్తు!" అని అరుస్తోంది. నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ఈగిల్‌కి ఆ రోజు ఏదీ దొరకలేదు.

రాత్రి నాన్నమ్మకి వీడియో కాల్‌లో అంతా తెలుగులోనే చెప్పింది, తప్పులు బోలెడు, నేను ఒక్కటీ దిద్దలేదు. అంతా విని మా అమ్మ అడిగింది, "మరి మంచు మీద కాళ్ళకి చలెయ్యదేటే వాటికి?"

"వేస్తుంది నాన్నమ్మా. అందుకే ఒక కాలు దాచుకుంది."