గడ్డ తీసేసారు సరే, మిగిలిన లివర్ సంగతేంటి?

నాన్నకి లివర్ కాన్సర్ గడ్డ తీసే ఆపరేషన్ అయ్యి రెండేళ్ళు దాటింది. ఇన్నాళ్ళలో పలకరించడానికి వచ్చినవాళ్ళందరూ అడిగింది ఒకటే, గడ్డ ఎంత సైజు అని. ఒకటే గడ్డ, మూడు సెంటీమీటర్లు అంటే "హమ్మయ్య చిన్నదే, తీసేసారుగా, ఇంకేం భయంలేదు" అనేవాళ్ళు. మొదట్లో మేమూ అంతే అనుకున్నాం. కానీ సర్జన్ గారు మొదటిరోజు గడ్డ గురించి ఐదు నిమిషాలు మాట్లాడి, మిగతా అరగంటా గడ్డ లేని లివర్ గురించే మాట్లాడారు, ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు.

తర్వాత తెలిసిందేంటంటే, లివర్ కాన్సర్ ఎక్కువమందికి అప్పటికే పాడైపోయిన లివర్‌లోనే వస్తుంది. హెపటైటిస్ బి, సి, తాగుడు, ఫ్యాటీ లివర్, వీటిలో ఏదో ఒకటి ఏళ్ళ తరబడి తినేసి లివర్ గట్టిపడి సిరోసిస్ అయ్యాక అన్నమాట (హెపటైటిస్ బి ఉంటే సిరోసిస్ లేకుండా కూడా రావచ్చు). నాన్నకి హెపటైటిస్ బి ఎప్పట్నుంచి ఉందో ఆయనకే తెలీదు, గడ్డ కూడా వేరే పనిమీద తీయించిన అల్ట్రాసౌండ్‌లో బయటపడింది. బాగున్న లివర్ అయితే పావు వంతో, కాస్త ఎక్కువో మిగిల్చినా మళ్ళీ పెరుగుతుంది, సిరోసిస్ ఉన్నవాళ్ళకి మాత్రం 40 శాతం దాకా మిగల్చాలని చూస్తారట. అందుకే బిలిరుబిన్, ఆల్బుమిన్, రక్తం గడ్డకట్టే టైం, పొట్టలో నీరుందా, మనిషి మగతగా ఉంటున్నాడా అని అన్నీ కలిపి చైల్డ్ పూ అని మార్కులు వేస్తారు. నాన్నకి వచ్చింది 'A' క్లాస్, అంటే అన్నిటికన్నా మంచిది.

అయినా సర్జన్ గారు ప్లేట్‌లెట్స్ దగ్గర ఆగిపోయారు, లక్షా ముప్పై రెండు వేలు, మామూలు కన్నా కాస్త తక్కువ. లక్ష కన్నా తక్కువై, ప్లీహం కూడా వాచి ఉంటే లివర్‌కి వెళ్ళే పోర్టల్ సిరలో ప్రెషర్ పెరిగిందేమో అని అనుమానిస్తారు, అలాంటివాళ్ళకి గడ్డ ఎంత చిన్నదైనా కోత తర్వాత లివర్ చేతులెత్తేసే ప్రమాదం ఎక్కువ. నేను అన్నాళ్ళూ ప్లేట్‌లెట్స్ అంటే డెంగ్యూకి సంబంధించినవే అనుకునేవాణ్ణి.

ఆపరేషన్ బాగానే జరిగింది, రక్తం ఎక్కించాల్సిన అవసరం రాలేదు, అదీ మంచిదేనన్నారు. పది రోజులకి బయాప్సీ రిపోర్ట్ వచ్చింది. అంచులు క్లియర్, అంటే కోసిన చోట కాన్సర్ మిగల్లేదు అని చదివి ఊపిరి పీల్చుకున్నా. దాని కింద లైన్‌లో మైక్రోవాస్క్యులర్ ఇన్వేజన్, ప్రెజెంట్ అని ఉంది. అంటే మైక్రోస్కోప్‌లో చూస్తే గడ్డ పక్కన సన్నటి రక్తనాళాల్లో కాన్సర్ కణాలు కనబడ్డాయి అని, ముందు తీసిన స్కాన్‌లో ఇది ఖచ్చితంగా తెలీదట. పక్కన కూర్చుని "ఏం రాసార్రా?" అని నాన్న అడిగితే అంచులు క్లియర్ అన్న లైన్ ఒక్కటే చదివి వినిపించా.

లివర్ బాగుండి, గడ్డ తొలిదశలో దొరికి ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళలో ఐదేళ్ళకి వందలో 60, 70 మంది బతికే ఉంటారు. కానీ అదే ఐదేళ్ళలో 70 మందికి దాకా మళ్ళీ గడ్డ రావచ్చు. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయి అని చాలా ఆలోచించా. వచ్చినా త్వరగా కనిపెడితే మళ్ళీ కోయొచ్చు, కాల్చొచ్చు, కొందరికి లివర్ మార్చొచ్చు. మొదటి రెండేళ్ళలో వచ్చేవి ఎక్కువగా పాత గడ్డ నుంచి జారిపోయిన కణాలే, నాన్న రిపోర్ట్‌లో ఆ లైన్‌కి భయపడింది అందుకే. ఆ తర్వాత వచ్చేవి చాలావరకు జబ్బు లివర్‌లో కొత్తగా పుట్టేవి. అందుకని మొదట మూడు నెలలకోసారి స్కాన్, ఏఎఫ్‌పీ అనే రక్త పరీక్ష.

తిరిగి రాకుండా ఏదైనా మాత్ర ఇవ్వండి అని బతిమాలా. సొరాఫెనిబ్ అనే మందుని ఇలా ఆపరేషన్ అయినవాళ్ళకి ఇచ్చి చూసారట, 2015లో వచ్చిన రిజల్ట్స్‌లో ఏం లాభం లేదని తేలిందని చెప్పారు. మన చేతిలో ఉన్నది హెపటైటిస్ బి వైరస్‌ని అణిచిపెట్టే మాత్ర, అది మానకుండా వేస్తే గడ్డ తిరిగొచ్చే అవకాశం తగ్గుతుంది, లివరూ నిలబడుతుంది అన్నారు. ఆపరేషన్ అయ్యాక చాలా ఇళ్ళల్లో ఈ మాత్రనే తేలిగ్గా తీసుకుంటారని నా బాధ.

పోయిన నెల స్కాన్ క్లియర్‌గా వచ్చింది, ఇకమీద ఆర్నెల్లకోసారి చాలన్నారు. నాన్న సంతోషంగా "అయితే రాత్రి వేసుకునే ఆ వైరస్ మాత్ర కూడా ఆపేయొచ్చా డాక్టర్ గారూ" అని అడిగారు. ఆయన వద్దన్నట్టు తల ఊపి, చీటీలో అదే మాత్ర మళ్ళీ ఆర్నెల్లకి రాసిచ్చారు.