బెరెజినా దగ్గరే ఆగిపోయా

ఇవాళ ట్రైనింగ్‌లో తెర మీద ఫ్రెంచ్ ఇంజనీర్ మినార్ గీసిన మ్యాప్ వేశారు. 1812లో నెపోలియన్ రష్యా దండయాత్ర. సైనికులు ఎంతమంది ఉంటే పట్టీ అంత లావు. నీమెన్ నది దాటేటప్పుడు 4,22,000 మంది, ఇంత లావు పట్టీ. మాస్కో చేరేసరికి లక్ష. తిరిగొచ్చే నల్ల గీత చివర 10,000.

సార్ గ్రాఫ్ గొప్పదనం చెప్పుకుంటూ పోయారు. నా కళ్లు మాత్రం బెరెజినా నది దగ్గర. ఆ ఒక్కచోటే 50,000 కాస్తా 28,000 అయింది!

అక్కడ వంతెనలు కట్టింది నెపోలియన్ సైన్యంలోని జనరల్ ఎబ్లే మనుషులు. నవంబరు చలిలో, మంచుగడ్డలు కొట్టుకొస్తున్న నీళ్లలో దిగి. అసలు వంతెన సామగ్రి తగలబెట్టేయమని అంతకుముందే నెపోలియన్ ఆర్డర్. ఎబ్లే పనిముట్లు, కొలిమి బళ్లు మాత్రం వదల్లేదు. చక్రవర్తిగారు కూడా ఆ వంతెన మీదే గట్టెక్కారు మరి.

నీళ్లలో దిగినవాళ్లలో చాలామంది ఇల్లు చేరలేదు. ఎబ్లే కూడా ఆ డిసెంబరు ఆఖర్లోనే పోయాడు.

1805లో నెపోలియన్ గెలిచిన ఆస్టర్‌లిట్జ్ యుద్ధం పేరు ప్యారిస్‌లో పెద్ద రైల్వే స్టేషన్‌కి ఉంది. ఎబ్లేకీ ఓ వీధి దక్కింది. ఆ పనివాళ్ల గురించి ఇందాకట్నుంచి వెతుకుతున్నా, చాలామంది డచ్ వాళ్లట. చదవడానికి ఏమైనా ఉంటే కామెంట్లో పెట్టండి.