ఫైరింజన్‌లో నాలుగో సీటు: బడ్జెట్ కమిటీలో నా మొదటి ఏడాది

మామయ్య గారికి గుండెనొప్పి వచ్చిన రాత్రి మా ఇంటి ముందు మొదట ఆగింది అంబులెన్స్ కాదు, ఫైరింజన్. మేం పిలిచింది మంటలకు కాదని చెప్పబోయేలోపే ముగ్గురు సంచులతో లోపలికి వచ్చేశారు. ఒకతను ఆయన ఛాతీకి ఈసీజీ తీగలు అంటించాడు. ఇంకొకతను చేతికి సూది పెట్టాడు. మూడో ఆవిడ నన్ను పక్కన కూర్చోబెట్టి, ఆయన వేసుకునే మందులన్నీ అడిగి రాసుకుంది. అంబులెన్స్ ఆ తర్వాత వచ్చింది. ఆస్పత్రిలో స్టెంట్ వేశారు. రెండు నెలలు ఉండి ఆయన క్షేమంగా తెనాలి వెళ్లారు. వెళ్లే ముందు ఒక ప్రశ్న అడిగారు.

"ఆ ముగ్గురికీ జీతం ఎవరిస్తారమ్మా?"

ఆయన మునిసిపాలిటీలో బిల్ కలెక్టర్‌గా చేరి, రెవెన్యూ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యారు. మన రాజ్యాంగం పన్నెండో షెడ్యూల్‌లో, మునిసిపాలిటీలకు అప్పగించదగ్గ 18 పనుల్లో అగ్నిమాపక సేవలు కూడా ఉన్నాయి. కానీ ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఫైర్ స్టేషన్లు రాష్ట్ర ప్రభుత్వానివే, పోలీసులూ రాష్ట్రం వాళ్లే. మామయ్య గారు వసూలు చేసిన ఇంటి పన్నులో ఒక్క కానిస్టేబుల్ జీతం కూడా లేదు. ఇక్కడ అమెరికాలో ఎలా అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. పన్నెండేళ్లుగా పన్ను కడుతున్నాను, పైగా వృత్తిరీత్యా అకౌంట్స్ చూసేదాన్ని. ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

మేముండేది ఒరెగాన్ రాష్ట్రంలో, పోర్ట్‌లాండ్‌కి పడమట ఒక చిన్న నగరం. ఇంటెల్ ఉద్యోగాల వల్ల చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు బాగానే ఉన్నాయి. ఈ రాష్ట్రంలో ఒక మంచి చట్టం ఉంది. ప్రతి నగరానికీ బడ్జెట్ కమిటీ ఉండాలి. అందులో కౌన్సిల్ సభ్యులు ఎంతమందో, మామూలు ఓటర్లు కూడా అంతమంది ఉండాలి. పదవీకాలం మూడేళ్లు, జీతం లేదు. పౌరసత్వం వచ్చి ఓటరుగా నమోదయ్యాను కాబట్టి నేనూ అర్హురాలినే. దరఖాస్తు పెట్టాను, చిన్న ఇంటర్వ్యూ చేశారు, తీసుకున్నారు.

ఏప్రిల్‌లో బడ్జెట్ పుస్తకం చేతికిచ్చారు. మొదటి వారం నాకు అర్థమైంది ఒక్కటే: నగరం దగ్గర డబ్బు ఒక కుప్పగా ఉండదు. నీళ్ల బిల్లు డబ్బు నీళ్లకే. పెట్రోలు మీద పన్ను రోడ్లకే వాడాలని ఒరెగాన్ రాజ్యాంగంలోనే రాసి ఉంది. "ఆ రోడ్డు మళ్లీ వేస్తున్నారు, ఆ డబ్బుతో ఒక పోలీసును పెట్టుకోవచ్చు కదా" అని నేనే చాలాసార్లు అనుకున్నాను. పెట్టుకోకూడదు. పోలీసు, ఫైరు, లైబ్రరీ, పార్కులు, ఇవన్నీ జనరల్ ఫండ్ అనే ఒకే సంచిలోంచి బతకాలి. మా దగ్గర ఆ సంచిలో సగానికి పైగా పోలీసు, ఫైర్ శాఖలకే వెళ్తుంది. అందుకే ఆ రెండింటికి ఏది పెంచినా లైబ్రరీ వాళ్ల ముఖాలు వాడిపోతాయి.

అంకెలు చూస్తే మనుషులు కనపడటం లేదని ఒక శనివారం ఫైర్ స్టేషన్‌కి వెళ్లాను. అక్కడి కెప్టెన్ చాలా ఓపికగా చూపించారు. ఇంజన్‌లో నాలుగు సీట్లున్నాయి. నాలుగోది ఖాళీ. దాని మీద మడిచిన తాడు, ఒక హెల్మెట్ పెట్టి ఉన్నాయి. మా ఇంటికి ఆ రాత్రి ముగ్గురే ఎందుకు వచ్చారో అప్పుడు తెలిసింది. గుండెనొప్పికి ముగ్గురు సరిపోతారు. వచ్చే కాల్స్‌లో ఎక్కువ వైద్యానికి సంబంధించినవే. కానీ ఇల్లు తగలబడుతుంటే లెక్క మారుతుంది. ఇద్దరు లోపలికి వెళ్తే, వాళ్లకేమైనా అయితే కాపాడటానికి బయట ఇద్దరు సిద్ధంగా ఉండాలి. ఇది కార్మిక భద్రత కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన నియమం. లోపల మనిషి చిక్కుకున్నాడని తెలిస్తే ఆగరు. అలా తెలియనప్పుడు మాత్రం ముగ్గురితో వచ్చిన ఇంజన్ బయటి నుంచే నీళ్లు కొడుతూ, రెండో ఇంజన్ వచ్చేదాకా ఆగాలి. అగ్ని ప్రమాదాల భద్రతకు ప్రమాణాలు రాసే ఎన్‌ఎఫ్‌పీఏ అనే సంస్థ 1710 నంబరు ప్రమాణం కూడా ఇంజన్‌కి నలుగురు ఉండాలని, మొదటి ఇంజన్ ప్రయాణం 4 నిమిషాల్లో పూర్తి కావాలని చెబుతుంది.

వచ్చేస్తుంటే ఆ రాత్రి తేదీ చెప్పి, మా ఇంటికి వచ్చింది ఎవరని అడిగాను. కెప్టెన్ క్యాలెండర్ చూసి "సి షిఫ్ట్" అన్నారు. నేను వెళ్లిన ఆ శనివారం వాళ్లకు సెలవు. పేర్లు ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

మరి ఆ నాలుగో సీటు నింపాలంటే ఎంతమంది కావాలి? ఒక్కరు అనుకున్నాను. ఫైర్ వాళ్లు 24 గంటలు పని చేసి 48 గంటలు ఇంట్లో ఉంటారు. అంటే ఎ, బి, సి అని మూడు షిఫ్టులు, సీటుకు ముగ్గురు. వాళ్లకు సెలవులుంటాయి, జబ్బు చేస్తుంది, ట్రైనింగ్ ఉంటుంది. ఆ ఖాళీలు ఓవర్‌టైంతో పూడ్చాలి, లేదా నాలుగో మనిషిని పెట్టుకోవాలి. పోలీసుల లెక్క ఇంకా గట్టిది. ఏడాదికి 8,760 గంటలు. వారానికి 40 గంటల లెక్కన ఒక మనిషికి జీతం ఇచ్చేది 2,080 గంటలకు. సెలవులూ ట్రైనింగూ తీసేస్తే వీధిలో ఉండేది ఇంకా తక్కువ. రాత్రీ పగలూ ఒక్క గస్తీ కారు తిరగాలంటే దాదాపు అయిదుగురు కావాలి. నా పుస్తకం మార్జిన్‌లో ఈ లెక్క నాలుగైదుసార్లు వేసుకున్నాను. ఊళ్లో ఎవరైనా "ఒక్క పోలీసును ఎక్కువ పెట్టలేరా" అంటే ఇప్పుడు ఈ లెక్కే చెబుతాను.

రెండో సమావేశంలో ఒక సభ్యుడు ఓవర్‌టైం పద్దు కొయ్యమన్నాడు. పోలీస్ చీఫ్ కోప్పడకుండా జవాబిచ్చారు: ఖాళీలున్నంత కాలం అది కొయ్యగలిగింది కాదు, ఒకరు లేకపోతే ఇంకొకరు ఆ కారులో కూర్చోవాలి. ఖాళీ నింపడమూ వెంటనే అయ్యే పని కాదు. కొత్తగా చేరిన అధికారిని మా రాష్ట్ర రాజధాని సేలంలోని పోలీస్ అకాడమీకి 16 వారాలు పంపాలి, తర్వాత సీనియర్ పక్కన నెలల తరబడి తిప్పాలి. జీతం మొదటి రోజు నుంచీ ఇవ్వాల్సిందే.

ఇక పన్ను. ఇది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. ఒరెగాన్‌లో అమ్మకం పన్ను లేదు. నగరానికి ప్రధాన ఆధారం ఆస్తి పన్ను. 1990లో మెజర్ 5 అనే ప్రతిపాదనకు ఓటేసి ఓటర్లు ఈ పన్నుకు ఒక పరిమితి పెట్టారు. 1997లో మెజర్ 50 వచ్చి, పన్ను వేసే విలువ ఏడాదికి 3 శాతం మించి పెరగకూడదంది, ప్రతి నగరానికీ శాశ్వత రేటు బిగించేసింది. ఆ రేటును ఓటు వేసి కూడా పెంచుకోలేం. ఇంటి బజారు ధర రెండింతలైనా నగరానికి వచ్చేది పెద్దగా మారదు. మరో పక్క జీతాలు, ఆరోగ్య బీమా, పెన్షన్ వాటా ఆ 3 శాతం మాట వినవు. కాబట్టి ఎవరూ దుబారా చేయకపోయినా ప్రతి ఏడూ కొంచెం వెనకబడతాం. మా కమిటీలో దీన్ని ఒప్పుకోవడానికి కొందరికి చాలా సమయం పట్టింది. ఎక్కడో వృథా ఉందని, అది దొరికితే సరిపోతుందని వెతికారు. నేనూ వెతికాను. దొరికినవి చిన్న మొత్తాలు.

రిజర్వులో డబ్బుంది కదా అని కూడా అన్నారు. దీనికి నేనే జవాబు చెప్పాను, కమిటీలో నేను మాట్లాడిన మొదటి మాట అదే. ఆర్థిక సంవత్సరం జూలై 1న మొదలవుతుంది. పన్ను బిల్లులు అక్టోబరులో వస్తాయి, డబ్బు నవంబరులో చేరుతుంది. మధ్యలో నాలుగు నెలలకు పైగా జీతాలు ఇవ్వాల్సింది ఆ నిల్వలోంచే. దానితో మనిషిని పెట్టుకుంటే మరుసటి సెప్టెంబరులో అప్పు చేయాలి.

మిగిలిన దారి లెవీ. ఓటర్లు ఒప్పుకుంటే శాశ్వత రేటు పైన మరికొంత వసూలు చేయొచ్చు, కానీ జీతాలకైతే అయిదేళ్లకు మించి కాదు. మా పాత లెవీ ఆ జూన్‌తో ముగుస్తోంది. కొంచెం పెంచి మళ్లీ మే నెల బ్యాలట్ మీద పెట్టారు. మా బడ్జెట్ సమావేశాలు ఆ ఎన్నికకు ముందే. అందుకని రెండు బడ్జెట్లు తయారయ్యాయి. గెలిస్తే ముగ్గురు ఫైర్‌ఫైటర్లు, షిఫ్టుకు ఒకరు, ఒక పోలీసు అధికారి. ఓడితే ఉన్నవాళ్లనే తీసేయాలి. చివర చేరినవాళ్లు మొదట పోతారు. ఆ రెండో పుస్తకంలో పేర్లు ఉండవు, పోస్టుల నంబర్లే. ఆ పేజీ చూసినప్పుడల్లా నాకు సి షిఫ్ట్ గుర్తొచ్చేది. ఆ ముగ్గురిలో ఎవరైనా ఆ నంబర్లలో ఉన్నారేమో. తెలుసుకుంటే సరిగ్గా ఆలోచించలేనని అడగలేదు.

ఫైర్ చీఫ్ ఇంకో మాట ముందుకు తెచ్చారు. సేఫర్ అనే కేంద్ర గ్రాంటుకు దరఖాస్తు చేసి మరో ముగ్గురిని తీసుకుందామన్నారు. చట్టంలో ఉన్న లెక్క ప్రకారం మొదటి రెండేళ్లు ఖర్చులో 75 శాతం, మూడో ఏడు 35 శాతం కేంద్రం ఇస్తుంది. నాలుగో ఏడు ఏమీ ఇవ్వదు. గదిలో అందరికీ నచ్చింది. మా ఇంటికి వచ్చినవాళ్లను తలచుకుంటే నాకూ చెయ్యెత్తాలనే ఉంది. కానీ ముందు అంచనాల పేజీ తీసి నాలుగో ఏడాది దగ్గర వేలు పెట్టాను. అక్కడ ఆ ముగ్గురి జీతాలకు ఆధారం లేదు.

పబ్లిక్ కామెంట్‌లో ఒక యువ ఫైర్‌ఫైటర్, డ్యూటీ లేని రోజు మామూలు బట్టల్లో వచ్చి మాట్లాడాడు. ముగ్గురితో పొగలోకి చూస్తూ బయట నిలబడటం ఎలా ఉంటుందో చెప్పాడు. అతను చెప్పింది విన్నాక నోరు తెరవడానికి చాలా ధైర్యం కావాల్సి వచ్చింది. అయినా అన్నాను: "ఆ ముగ్గురు ఇక్కడ ఇల్లు కొనుక్కుంటారు, పిల్లల్ని బడిలో వేస్తారు. మూడేళ్ల తర్వాత వెళ్లిపొమ్మని చెప్పాల్సింది మనమే. లెవీతో వచ్చే ముగ్గురికి కనీసం అయిదేళ్ల ఆధారం ఉంది. ముందు వాళ్లను నిలబెడదాం. నాలుగో ఏడాదికి దారి కనపడ్డాక గ్రాంటు అడుగుదాం." ఓటింగ్‌లో నా వైపు ఒకే ఒక్క ఓటు ఎక్కువ పడింది. గది బయట ఆ అబ్బాయి నాకు తలుపు పట్టుకుని నిలబడ్డాడు, ఏమీ అనలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను చేసింది సరైనదేనని ఇప్పటికీ నమ్ముతున్నాను. అది అతనికి నష్టమన్నది కూడా నిజమే.

మే నెలలో బ్యాలట్లు పోస్టులో ఇళ్లకు వచ్చాయి. నగర ఉద్యోగులు డ్యూటీలో ఉండి లెవీకి ఓటెయ్యమని చెప్పకూడదు. కమిటీ హోదాలో నేనూ చెప్పకూడదు. మా ఇంట్లో, సొంత మనిషిగా చెప్పొచ్చు. ఒక ఆదివారం నాలుగైదు కుటుంబాలను భోజనానికి పిలిచాం. "మళ్లీ పన్నా అక్కా?" అని ఒక చెల్లెలు అడిగింది. వెయ్యికి పది సెంట్లు పెరిగితే, పన్ను విలువ 3 లక్షల డాలర్లున్న ఇంటికి ఏడాదికి 30 డాలర్లని కాగితం మీద వేసి చూపించాను. అద్దెకుండేవాళ్లకూ అది అద్దెలో తగులుతుందని దాచకుండా చెప్పాను. తర్వాత ఆ రాత్రి సంగతి చెప్పాను. చాలామంది తమ పౌరసత్వం వచ్చాక వేసిన మొదటి స్థానిక ఓటు అదేనన్నారు.

లెవీ గెలిచింది, పెద్ద తేడాతో కాదు. ఫలితం చూసేదాకా కడుపులో టెన్షన్. జూన్‌లో కౌన్సిల్ మొదటి బడ్జెట్‌ను ఆమోదించింది. రెండో పుస్తకం అవసరం లేకుండా పోయింది.

అక్టోబరులో పన్ను బిల్లు వచ్చింది. అందులో పబ్లిక్ సేఫ్టీ లెవీ అని విడిగా ఒక వరుస ఉంది. ఫోటో తీసి మామయ్య గారికి పంపాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని వీడియో కాల్‌లో ఒక్కో వరుసా చదివించుకున్నారు. కొత్తగా చేరిన ముగ్గురూ షిఫ్టులెక్కారా అని అడిగారు. ఇద్దరు ఎక్కారు, ఒకరు ట్రైనింగ్‌లో ఉన్నారు, పోలీసు కుర్రాడు సేలంలో ఉన్నాడని చెప్పాను.

"అంతా ఒకేసారి కడితే రాయితీ ఏమన్నా ఉందా?"

"నవంబరు 15 లోపు కడితే 3 శాతం మామయ్యా."

"మన దగ్గర ఏప్రిల్‌లో కడితే అయిదు. సరే, గడువు దాకా చూడకండి. రేపే కట్టెయ్యండి."