ఫైబర్ కంపెనీలో రోస్టర్ మార్చిన నా అనుభవం

కనెక్షన్లు పెరిగాయి, కంప్లైంట్లు పెరిగాయి, మనుషులు చాలట్లేదు. పెరుగుతున్న ఏ ఇంటర్నెట్ కంపెనీలో అడిగినా ఇదే మాట వినిపిస్తుంది, మా దగ్గరా అదే. విజయవాడలో కేబుల్ టీవీతో మొదలై ఫైబర్‌లోకి వచ్చిన కంపెనీ మాది, పేరు రాయను. నేను ఆపరేషన్స్‌లో చేస్తాను. ఏ షిఫ్టులో ఎవరు రావాలి, ఏ లైన్‌మేన్ ఏ ఏరియాకి వెళ్లాలి, ఎవరికి సెలవివ్వాలి, ఈ రోస్టర్ సంగతులన్నీ తిరిగి తిరిగి నా టేబుల్ మీదకే వస్తాయి. ఇలాంటి కంపెనీల్లో చేసేవాళ్లు కొందరు ఎలా మార్చారని అడుగుతున్నారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టారు కదా, మా మీద అసలు ఒత్తిడి అప్పుడు మొదలైంది. హైదరాబాద్, బెంగళూరుల్లో ఉద్యోగాలు చేసే పిల్లలంతా ఇళ్లకి వచ్చేశారు, ఇంట్లో ఒకరికి ఆఫీసు మీటింగు, ఇంకొకరికి ఆన్‌లైన్ క్లాసు. అప్పటిదాకా నెట్ అరగంట ఆగితే ఊరుకునేవాళ్లు కూడా ఐదు నిమిషాలకే ఫోన్ చేసేవాళ్లు, వాళ్ల తప్పేం లేదు, జీతం దాని మీదే ఆధారపడి ఉంది. టెలికాం సేవలకి మినహాయింపు ఉంది కాబట్టి మా కుర్రాళ్లు పాసులు పెట్టుకుని ఖాళీ రోడ్ల మీద తిరిగారు. ఆ రోజుల్లో వాళ్లు చేసిన పని నేను మర్చిపోలేను.

పని పంచే పద్ధతి మాత్రం కేబుల్ టీవీ రోజులదే. కంప్లైంట్ వస్తే వాట్సాప్ గ్రూపులో పెట్టడం, ఎవరు ముందు 'నేను చూస్తా' అంటే వాళ్లకి ఇవ్వడం. దగ్గరగా ఉన్నవి, తేలికైనవి ఐదు నిమిషాల్లో అయిపోయేవి. కష్టమైనవి, దూరమైనవి సాయంత్రం దాకా అలాగే పడుండేవి, చివరికి కాదనలేని ఇద్దరు ముగ్గురి మీద పడేవి. అందరికీ ఒకటే షిఫ్టు, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు.

ఇంకో ఇరవై మందిని తీసుకుందామని మేనేజ్‌మెంట్ అంటోంది. నేను కొంచెం టైమ్ అడిగాను. ముందు పని ఎప్పుడు వస్తోందో, ఎక్కడి నుంచి వస్తోందో చూద్దాం సార్, ఆ తర్వాత ఎంతమంది కావాలో చెప్తాను అన్నాను.

పాత టికెట్లన్నీ, అంటే ఒక్కో కంప్లైంట్‌కి సిస్టమ్‌లో రాసుకున్న నమోదులన్నీ, ఎక్సెల్‌లోకి దించి, కంప్లైంట్ వచ్చిన గంట ప్రకారం పేర్చాను. ఎక్కువ కంపెనీల్లో టికెట్ మూసిన టైమే చూస్తారు, దాన్నిబట్టి మన మనుషులు ఎప్పుడు పనిచేశారో తెలుస్తుంది గానీ జనానికి ఎప్పుడు అవసరమైందో తెలియదు. పేర్చి చూస్తే సాయంత్రం ఏడు నుంచి రాత్రి పదిలోపు ఒక పెద్ద గుట్ట. అందరూ ఇంట్లో ఉండేది అప్పుడే, టీవీలు, ఫోన్లు అన్నీ ఒకేసారి నడిచేది అప్పుడే, ఐపీఎల్ రోజుల్లో అయితే ఇక చెప్పక్కర్లేదు. మా వాళ్లు ఆరింటికి ఇంటికెళ్లిపోతారు. అంటే రాత్రి వచ్చినవన్నీ మర్నాడు పొద్దున్నే బాకీగా మొదలవుతాయి, అది తీరేసరికి మధ్యాహ్నం, ఆ రోజు వచ్చినవి మళ్లీ రేపటికి.

కారణాల కాలమ్‌లో తొంభై పాళ్లు ఒకటే ముక్క, 'నెట్ రావట్లేదు'. దానితో ఏం తేలుతుంది? కాల్ సెంటర్ అమ్మాయిలతో కూర్చుని దాన్ని నాలుగు ముక్కలు చేశాం: బాక్స్ మీద ఎర్ర లైటు వెలుగుతోందా, లైటు బాగానే ఉండి స్పీడు లేదా, వైఫై సంగతా, రీఛార్జ్ అయిపోయిందా. ఎర్ర లైటు అంటే సిగ్నల్ రావట్లేదు, కేబుల్ తెగడమో జాయింట్ పోవడమో, మనిషి వెళ్లి తీరాలి. వైఫై, రీఛార్జ్‌లు ఫోన్‌లోనే తేలిపోతాయి. ఇంతకుముందు వాటికి కూడా బండి వేసుకుని వెళ్లేవాళ్లు! పాస్‌వర్డ్ మార్చడానికి గొల్లపూడి నుంచి పెనమలూరు దాకా, మే నెల ఎండలో. ఈ ఒక్క విభజనతో వెళ్లాల్సిన ఇళ్లు బాగా తగ్గాయి, కొత్తగా ఎవర్నీ తీసుకోకుండానే.

అయితే ఫోన్‌లో తేల్చాలంటే ఫోన్ ఎత్తాలి కదా. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2006లో బ్రాడ్‌బ్యాండ్‌కి పెట్టిన, అప్పట్లో అమల్లో ఉన్న ప్రమాణాల ప్రకారం కాల్స్‌లో 60 శాతానికి పైగా 60 సెకన్లలో, 80 శాతానికి పైగా 90 సెకన్లలో మనిషి పలకాలి, ఫాల్టుల్లో 90 శాతానికి పైగా మర్నాటి పనిదినానికల్లా సరిచేయాలి. మేం సాయంత్రాలు దాని దరిదాపుల్లో లేకపోయాం. ఇక్కడ నాకు బాగా పనికొచ్చింది వందేళ్ల నాటి లెక్క ఒకటి. ఎర్లాంగ్ అని డెన్మార్క్ ఆయన, కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో చేసేవాడు, ఎన్ని కాల్స్‌కి ఎన్ని లైన్లు, ఎంతమంది ఆపరేటర్లు కావాలో 1917లోనే సూత్రాలు రాశాడు. ఇప్పటికీ చాలా కాల్ సెంటర్లు దాని మీదే నడుస్తున్నాయి, ఇంటర్నెట్‌లో లెక్కలు వేసే పేజీలు ఉచితంగానే దొరుకుతాయి.

దాని సంగతి ఒక్క ఉదాహరణతో చెప్తాను. గంటకి అరవై కాల్స్, ఒక్కో కాల్‌కి ఐదు నిమిషాలు అనుకోండి. మొత్తం మూడు వందల నిమిషాల పని, అంటే ఐదుగురికి సరిపోతుందని ఎవరైనా అంటారు. మా అకౌంట్స్ ఆయనా అదే అన్నాడు. కానీ కాల్స్ వరుసగా నిమిషానికి ఒకటి చొప్పున రావు, ఒకేసారి పది వస్తాయి, తర్వాత కాసేపు ఏమీ ఉండవు. ఐదుగురినే పెడితే క్యూ పెరుగుతూనే పోతుంది. ఆరుగురైతే ఒక్కో కస్టమర్ సగటున మూడు నిమిషాల దాకా ఆగాలి. ఏడో మనిషి వచ్చేసరికి అది యాభై సెకన్లలోపుకి పడిపోతుంది. ఎనిమిదో మనిషితో పదిహేడు సెకన్లు. ఈ లెక్క బోర్డు మీద వేసి చూపించాక, పొద్దున షిఫ్టులో ఖాళీగా ఉండే ఇద్దర్ని సాయంత్రానికి మార్చడానికి అందరూ ఒప్పుకున్నారు. సాయంత్రం షిఫ్టు అమ్మాయిలకి ఇంటి దాకా కంపెనీ ఆటో పెట్టాలని నేను పట్టుబట్టాను, అది లేకుండా రోస్టర్ మీద పేరు రాయనని చెప్పాను. ఈ విషయంలో బేరం ఉండకూడదు.

లైన్‌మేన్ల షిఫ్టు మార్చడం ఇంత తేలిగ్గా కాలేదు. మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పదిన్నర దాకా రెండో షిఫ్టు అనగానే గదిలో ఒక్కసారిగా గోల. పెళ్లైనవాళ్లకి ఇల్లు, కొందరికి సాయంత్రం వేరే పనులు, చిన్న వైరింగ్ పనుల మీద వచ్చే నాలుగు డబ్బులు. అందరికంటే పాతవాడు, మేమంతా బాబాయ్ అని పిలిచే ఆయన, చివరి దాకా మాట్లాడకుండా కూర్చుని లేచాడు.

"అమ్మా, రాత్రి రమ్మంటే వస్తాం. చీకట్లో స్తంభం ఎక్కమంటావా, అది చెప్పు ముందు."

మా కేబుల్ చాలా చోట్ల కరెంటు స్తంభాల వెంటే పోతుంది. ఆయన అడిగినది షిఫ్టు గురించి కాదు, ప్రాణం గురించి. ఆ రోజు అక్కడే రాసుకున్నాం: చీకటి పడ్డాక స్తంభం ఎక్కే పని ఒంటరిగా ఎవరూ చేయకూడదు, వాన పడుతుంటే ఇద్దరున్నా చేయకూడదు, అలాంటి కంప్లైంట్ పొద్దునకి పోతుంది, ఆ మాట కస్టమర్‌కి కాల్ సెంటరే చెప్పాలి, లైన్‌మేన్ తిట్లు తినకూడదు. రాత్రి షిఫ్టుకి విడిగా అలవెన్స్. రెండు వారాలకోసారి షిఫ్టులు మారతాయి, కావాలంటే ఒకరితో ఒకరు మార్చుకోవచ్చు, నాకు ముందురోజు చెప్తే చాలు. ఇవి కాగితం మీద పెట్టి సంతకాలు చేయించాక, మొదట రాననివాళ్లలో కూడా కొందరు తామే పేర్లు ఇచ్చారు. కొందరికి ఎండలో తిరగడం కంటే రాత్రి పనే నయమట.

తర్వాత ఏరియాలు. పిన్‌కోడ్ చూసి పంచితే విజయవాడలో కుదరదు. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ ఊరిని ముక్కలు చేసి పారుతుంటాయి, మ్యాప్‌లో పక్కపక్కనే కనిపించే రెండు వీధుల మధ్య వంతెన దాకా వెళ్లి తిరిగి రావాలి. దసరా పది రోజులూ ఇంద్రకీలాద్రి చుట్టూ ట్రాఫిక్ మళ్లిస్తారు, వన్‌టౌన్‌లోకి బండి పోవడమే కష్టం. అందుకే గీతలు మా వాళ్ల చేతే గీయించాను, పెద్ద మ్యాప్ ప్రింట్ తీయించి నేల మీద పరిచి స్కెచ్ పెన్నులిచ్చాను. దసరాకి వన్‌టౌన్‌లోనే ఇళ్లున్న ఇద్దరు అక్కడే ఉండేట్టు విడిగా ఏర్పాటు. ఇదంతా ఏ సాఫ్ట్‌వేరూ మనకి చెప్పదు.

మ్యాప్ దగ్గర కూర్చున్నప్పుడే అసలు సంగతి ఒకటి బయటపడింది. తెగిన ఫైబర్ అతికించడానికి స్ప్లైసింగ్ మిషన్ కావాలి, ఖరీదైన సామాను, మా దగ్గర ఉన్నవి కొన్నే. టికెట్ల మీద గంటలు గంటలు కనిపించేది అతికించే టైమ్ కాదు, మిషన్ కోసం ఎదురుచూసిన టైమ్. పటమటలో ఒకడు స్తంభం కింద కూర్చుని ఉంటే మిషన్ భవానీపురంలో ఉంటుంది. ఇరవై మందిని తీసుకుని ఉంటే ఇరవై మందీ అలాగే కూర్చునేవాళ్లు! ఆ జీతాల డబ్బులో కొంత పెట్టి ఇంకో రెండు మిషన్లు కొనమని అడిగాను, కొన్నారు. మొత్తం వ్యవహారంలో ఎక్కువ తేడా తెచ్చింది ఇదేనని నా గట్టి నమ్మకం. ఇప్పుడు మిషన్లకి కూడా రోస్టర్ ఉంది.

ఇన్సెంటివ్ గురించి కూడా చెప్పాలి. టికెట్ మూస్తే ఇంత అని ఇచ్చేవాళ్లం. డబ్బు మూయడానికి ఇస్తే మూస్తారు, బాగుచేయడానికి ఇస్తే బాగుచేస్తారు. బాక్స్ ఆపి ఆన్ చేసి, లైటు రాగానే మూసి వెళ్లిపోవడం, రెండు రోజులకి అదే ఇంటి నుంచి మళ్లీ కంప్లైంట్, దానికి మళ్లీ ఇన్సెంటివ్. వారంలోపు తిరిగి రాకపోతేనే డబ్బు అని మార్చాం. వెంటనే న్యాయమైన ప్రశ్న ఒకటి వచ్చింది: "మేడమ్, స్ప్లిటర్ దగ్గరే పవర్ లేకపోతే నేనేం చేయను?" స్ప్లిటర్ అంటే ఒక ఫైబర్‌ని చాలా ఇళ్లకి పంచే సామాను, పవర్ అంటే కరెంటు కాదు, ఫైబర్‌లో వచ్చే సిగ్నల్ బలం. నిజమే కదా, వీధి చివర డబ్బాలో లోపానికి ఇంట్లో పనిచేసినవాడి డబ్బు కోయడం అన్యాయం. కాబట్టి పని అయ్యాక పవర్ మీటర్ రీడింగ్ ఫోటో తీసి టికెట్‌కి పెట్టాలి. ఇంటి దగ్గర సిగ్నల్ బలం మైనస్ 27 డీబీఎం (దాన్ని కొలిచే లెక్క) కంటే తక్కువ చూపిస్తే అది లైన్‌మేన్ ఖాతాలో పడదు, నెట్‌వర్క్ టీమ్ ఖాతాలో పడుతుంది. దీంతో ఏ వీధి స్ప్లిటర్లు పాడవుతున్నాయో కూడా తెలిసిపోయింది, కంప్లైంట్ రాకముందే మార్చగలుగుతున్నాం.

సంక్రాంతి ఏటా పరీక్షే. కుర్రాళ్లలో చాలామంది చుట్టుపక్కల ఊళ్లవాళ్లు, అందరికీ భోగి నుంచి కనుమ దాకా సెలవు కావాలి, సరిగ్గా అప్పుడే ఊళ్లోకి బంధువులు దిగి ప్రతి ఇంట్లో పది ఫోన్లు వైఫైకి తగులుకుంటాయి. నవంబర్‌లోనే అందరి ముందు చీటీలు వేస్తాం. ఈ ఏడు ఉండిపోయినవాళ్లకి వచ్చే ఏడు చీటీ అవసరం లేదు, సెలవు ఖాయం. ఎవరికి ఎందుకు వచ్చిందో అందరికీ తెలిస్తే గొడవ ఉండదు.

ఇక నా మనసుకి దగ్గరైన విషయం, కాంట్రాక్టు మనుషులు. 2019 సెప్టెంబర్‌లో జియో ఫైబర్ వచ్చిన దగ్గర్నుంచి ఫైబర్ పని తెలిసినవాళ్లకి గిరాకీ పెరిగింది, నేర్పించినవాడు నేర్పించినట్టే వెళ్లిపోతున్నాడు. ఎందుకు వెళ్తున్నారో అడిగితే జీతం కంటే ముందు వచ్చిన మాట, జీతం ఏ తారీఖున పడుతుందో తెలియదని. మా కాంట్రాక్టర్లలో ఒకాయన నెలలో ఎప్పుడో ఇచ్చేవాడు, పీఎఫ్ కోసేవాడు గానీ కట్టినట్టు కనిపించదు. అప్పట్లో అమల్లో ఉన్న 1970 నాటి కాంట్రాక్టు లేబర్ చట్టంలో స్పష్టంగా ఉండేది, కాంట్రాక్టర్ జీతం ఇవ్వకపోతే పని చేయించుకున్న సంస్థే ఇవ్వాలని. నెలకి 21,000 లోపు జీతమున్నవాళ్లు ఈఎస్ఐ కిందకి వస్తారు, స్తంభం మీద నుంచి పడితే ఆ కార్డే దిక్కు. ఇవన్నీ రాసి పైకి పెట్టాను. ఇప్పుడు ముందు నెల పీఎఫ్, ఈఎస్ఐ చలాన్లు చూపిస్తేనే కాంట్రాక్టర్ బిల్లు పాస్ అవుతుంది. ఆ ఒకాయన మానేశాడు, ఆయన దగ్గరి కుర్రాళ్లని మేమే తీసుకున్నాం. మనుషులు వెళ్లిపోవడం తగ్గింది. రోస్టర్ ఎంత బాగా వేసినా, అందులో పేర్లు నెలనెలా మారిపోతుంటే దాన్ని నడపలేం.

సాఫ్ట్‌వేర్ ఇవన్నీ అయ్యాకే కొన్నాం. లొకేషన్ చూపించే యాప్ అనగానే కుర్రాళ్లకి టెన్షన్, డ్యూటీ అయ్యాక కూడా చూస్తారేమోనని. షిఫ్టు ముగియగానే ట్రాకింగ్ ఆగిపోయేట్టు పెట్టించి, వాళ్ల ఫోన్లలోనే చూపించాం.

ఇప్పుడు తాడేపల్లి, మంగళగిరి వైపు లైన్లు వేస్తున్నాం. అక్కడికి ఎంతమంది కావాలో ఈసారి ముందే లెక్క వేశాను, మిషన్లతో సహా. బాబాయ్ ఇక స్తంభాలు ఎక్కట్లేదు, కొత్తగా చేరినవాళ్లకి ఆఫీసు వెనక గదిలో జాయింట్లు వేయడం నేర్పిస్తున్నాడు, వచ్చే నెల మొదటి బ్యాచ్ మంగళగిరి వెళ్తుంది.